సెట్టయింది

కట్టుడు పళ్లు చేసే ఆయన నోట ఎప్పుడూ ‘సెట్టు’ మాటే. అచ్చు గట్టిపడితే సెట్టయింది, పైకప్పు కారడం ఆగితే సెట్టయింది, అలిగిన అత్తాకోడళ్లు మళ్లీ మాట్లాడుకుంటే అదీ సెట్టయింది. ఆ మాట అంటూనే బొటనవేలితో ఏదో ఒక పన్ను అంచు తడిమి చూసుకుంటూ ఉంటాడు. వాళ్లక్క ఆయనకు రెండు పనులు అప్పగించింది: తన బోసినోటికి పళ్లు, నలభై దాటిన కొడుక్కి పిల్ల. ఒకరోజు ఫోన్ చేసి, “సెట్టయిందక్కా, రేపొచ్చి చూసుకో” అన్నాడు. మర్నాడు ఆమె మిఠాయి పొట్లంతో, కొత్త చొక్కా తొడిగిన కొడుకుతో దిగింది. ఆయన మురిసిపోతూ గిన్నెలోంచి పళ్లు తీసి చూపించాడు.

“ఒరే, పిల్లేదిరా?” అంది అక్క.

ఆయన ముఖం వెలవెలబోయింది. మేనల్లుడి వైపు చూడలేకపోయాడు. అతను మాత్రం పళ్లను అటూ ఇటూ తిప్పి తీరిగ్గా చూశాడు.

“పలువరస బాగుందమ్మా, ఒప్పేసుకుందాం” అన్నాడు.