నాడె వెనక్కి వస్తే విరుగుడు

ఆ రోజుల్లో తిరుత్తణి నుంచి తిరువళ్లూరు నర్సింగు కాలేజీకి పోయే మాబోటి ఆడపిల్లలకు రెండే కష్టాలు. ఒకటి పొద్దున్నే రైలు, రెండోది ఫార్మకాలజీ. రైలు తప్పిపోతే వెనకాలే ఇంకో రైలు వచ్చేది. ఫార్మకాలజీ తప్పిపోతే మళ్లీ అదే వచ్చేది. నాకు వచ్చింది. పన్నెండో తరగతి దాకా తమిళంలో చదివినదాన్ని. పుస్తకం ఇంగ్లీషు, నోట్సు తమిళ అక్షరాలు, ఏడుపు మాత్రం అచ్చ తెలుగు. ఏ మందు ఎక్కువైతే ఏ విరుగుడు ఇవ్వాలో జతపరచమంటే, మార్ఫిన్ ఎక్కువైనవాడికి విటమిన్ కె ఇవ్వాలని నిబ్బరంగా రాసి వచ్చాను. (ఆ రోగి కాగితం మీద ఉన్నవాడు కాబట్టి బతికిపోయాడు.)

తప్పినవాళ్లు రెండోసారి పరీక్ష రాయాలంటే ముందు మందుల సారు దగ్గర వైవా గట్టెక్కాలని మా కాలేజీ నియమం. మందుల సారంటే మాకు ఫార్మకాలజీ చెప్పే రిటైరయిన డాక్టరు. ఎదురుగా కూర్చోబెట్టి నోటితోనే ప్రశ్నలడుగుతారు. ఆయన సరేనంటేనే హాల్ టికెట్టు. కాదంటే ఒక సంవత్సరం నీళ్లపాలు. నా జతవాళ్లంతా మూడో సంవత్సరానికి పోతారు, నేను మాత్రం నన్ను 'అక్కా' అని పిలిచే పిల్లల పక్కన కూర్చోవాలి. చావనైనా చస్తాను గానీ ఆ బెంచీలో కూర్చోనని శపథం చేసి, పుస్తకం సంకన పెట్టుకుని పది రోజుల సెలవులకు ఇంటికి చేరాను.

మా ఇంట్లో చదువుకోవడానికి చోటంటూ ఉంటే అది మగ్గం ఉన్న గదే. ముందు గదిలో అవ్వ, అవ్వ రాట్నం, టీవీ మూడూ ఒకేసారి మాట్లాడేవి. మగ్గం గదిలో అయితే ఒక్క మగ్గం చప్పుడే. గుంటలో కాళ్లు పెట్టుకుని నాయన చీర నేస్తుంటే, ఆ పక్కన చాప మీద కూర్చుని నేను గట్టిగా చదివేదాన్ని. మొదటిరోజు మధ్యాహ్నానికే ఓపిక అయిపోయింది.

"నాయనా, రొంతసేపు మగ్గం ఆపు. ఒక్క ముక్క తలకెక్కడం లేదు."

"మగ్గం ఆపితే మాత్రం ఎక్కుతాదా? యాడ చిక్కుకున్నావో చెప్పు."

"అన్నీ జతలు నాయనా. ఈ మందు ఎక్కువైతే ఆ మందు ఇయ్యాల. ఏది దేనికో కలిసిపోతా ఉండాది."

నాయన పడుగులో అటూ ఇటూ దూరే నాడెను చేతిలోకి తీసుకున్నాడు. ఐదో తరగతితో బడి మానేసినవాడు ఆయన. "జతే గదా. నాడె అట్లా పోతే మందు, ఇట్లా వెనక్కొస్తే విరుగుడు. పోయిన నాడె రాకుండా ఉంటాదా? యాదీ, చెప్పు చూస్తాము" అన్నాడు.

నాడె కుడి నుంచి ఎడమకు పోయేటప్పుడు 'హెపారిన్' అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు 'ప్రోటమిన్' అన్నాను. మళ్లీ పోతే వార్ఫరిన్, వస్తే విటమిన్ కె. పారాసిటమాల్, ఎసిటైల్ సిస్టీన్. మార్ఫిన్, నలాక్సోన్. ఎనిమిది పోగులు పడ్డాక బుట్టా కోసం, అంటే చీర మీది పువ్వు కోసం, వేరే దారం పెట్టాలి, అక్కడ మగ్గం ఆగుతుంది. దాంతో నేనూ ఆగేదాన్ని. నాయన దారం పెట్టి, తల ఎత్తకుండానే "అప్పరం?" అనేవాడు. (తరువాత ఏమిటని అడగడానికి మా ఇళ్లలో ఈ తమిళ మాటే వాడతాం. 'తరువాత' అని ఎవరైనా అంటే ఇంటికి తహశీల్దారు వచ్చాడనుకుంటారు.) అప్పుడు నేను "డయాజిపామ్‌కు ఫ్లుమాజెనిల్" అని ఒక్క గుక్కలో చెప్పేదాన్ని. మగ్గం మళ్లీ కదిలేది, హెపారిన్ మళ్లీ బయలుదేరేది. రెండు రోజులయ్యేసరికి నాకు తెలియకుండానే నా కాళ్లు కూడా చాప మీద మగ్గం తొక్కడం మొదలుపెట్టాయి.

"ఏం మే, ఇవేం పేర్లు? అన్నీ రాక్షసుల పేర్ల మాదిరి ఉండాయే" అని అవ్వ అటుగా వచ్చినప్పుడల్లా దిష్టి తీసినట్టు వేళ్లు విరిచేది. నాయనకు మాత్రం ఆ రాక్షసులు బాగా నచ్చారు. ఎంతగా నచ్చారంటే, ఆరో రోజు విరుగుళ్ల ధ్యానంలో పడి రెండు బుట్టాలు పెట్టడమే మరిచిపోయాడు. నేత చీరలు తీసుకుపోయే మేస్త్రి ఆ చీరను వెలుతురులో పట్టుకుని, "ఏంది మామా, ఈడ బుట్టాలు యాడికి పోయినాయి?" అని అడిగాడు. "పాప పరీక్షకు పోయినాయి" అన్నాడు నాయన. ఆ చీర అమ్మకు మిగిలింది.

వైవా రోజు రైల్లో కూర్చున్నంతసేపూ కాళ్లు ఆడిస్తూనే ఉన్నాను. ఎదుటి సీటులో ఉన్నామె తన బుట్టను రెండుసార్లు పక్కకు జరుపుకుంది. కాలేజీలో నా పేరు పిలిచారు. మందుల సారు ముచ్చట్లేవీ లేకుండా తిన్నగా చివరిదాన్నే పట్టుకున్నారు. డయాజిపామ్ ఎక్కువైతే ఏమిస్తావని తమిళంలో అడిగారు.

నాకేమో హెపారిన్ నుంచి మొదలుపెడితేనే వస్తుంది. నడిమధ్యలో మొదలయ్యే మగ్గం ఎక్కడైనా ఉందా?

"సార్, అది ఇంకా రాలేదు" అన్నాను.

సారు కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, "ఎప్పో వరుం?" అన్నారు. ఎప్పుడొస్తుందట.

"ఎనిమిది పోగుల తరువాత సార్."

ఆయనకు ఏం అర్థమైందో తెలియదు, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపారు. నేను మొదలుపెట్టాను. హెపారిన్, ప్రోటమిన్, వార్ఫరిన్. కాళ్లు బల్ల కింద తొక్కుతున్నాయి, చెయ్యి గాలిలో నాడె విసురుతోంది. బల్ల మీద ఆయన టీ గ్లాసు గలగలమంది. "ఎన్నమ్మా, కాల్ ఏన్ ఆడుదు?" అని అడిగారు, కాలెందుకు ఆడుతోందని. "కాలు ఆపితే మందు ఆగిపోతుంది సార్" అని చెప్పి, మార్ఫిన్‌కు నలాక్సోన్ దాకా నేసేశాను. అక్కడ ఆగాను.

ఆగడమంటే మామూలుగా ఆగడం కాదు. అది బుట్టా చోటు. తల వంచుకుని దారం పెట్టేదాకా కూర్చున్నాను. సారు నావంక చూస్తున్నారు, నేను నేలవంక చూస్తున్నాను. జవాబు ఎక్కడుందో నాకు తెలుసు, అక్కడికి పోయే దారే లేదు. హాల్ టికెట్టు పోయింది, సంవత్సరం పోయింది, చిన్నపిల్లల బెంచీ నన్ను పిలుస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి సారుకే విసుగొచ్చి, "అప్పురం?" అన్నారు.

"డయాజిపామ్‌కు ఫ్లుమాజెనిల్!"

కిటికీలో కూర్చున్న పావురం ఎగిరిపోయింది. సారు ఉలిక్కిపడి, ఆ తరువాత చాలాసేపు నవ్వి, మీ ఇంట్లో మగ్గం ఉందా అని అడిగారు. ఉందన్నాను. సంతకం పెడుతూ, పరీక్ష హాల్లో చివరి బెంచీ అడిగి తీసుకో, లేకపోతే ముందున్న పిల్లను తన్నేస్తావని సలహా కూడా ఇచ్చారు. అలాగే అడిగి తీసుకుని, అత్తెసరు మార్కులతో పాసయ్యాను. ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే నాయన అంతా విని, "అప్పరం అన్నాడంటే ఆయన కూడా మనోడేలే" అని తేల్చేశాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఒక ఆసుపత్రిలో వార్డు చూసుకునే సిస్టరును. మా కింద చేరే పిల్లలకు ఫార్మకాలజీ గురించి గంభీరంగా ఉపన్యాసాలిస్తుంటాను. (మార్ఫిన్‌కు విటమిన్ కె రాసిన సంగతి వాళ్లకు చెప్పలేదు.) పోయిన నెల నాయనకు కాలి నరంలో రక్తం గడ్డకడితే మా వార్డుకే తీసుకొచ్చాం. ఇన్నేళ్లు మగ్గం తొక్కిన కాలే మొరాయించింది. డాక్టరు హెపారిన్ రాశారు. ఎంతోమందికి ఇచ్చిన మందే, ఆ రోజు మాత్రం భయపడ్డాను, దాచుకోవడమెందుకు. సూది కొత్తగా చేరిన పిల్లకు అప్పగించి పక్కన నిలబడ్డాను.

"తాతా, ఇది హెపారిన్. రక్తం గడ్డకట్టకుండా ఉండేదానికి. భయపడొద్దండి" అంది ఆ పిల్ల.

నాయన కళ్లు తెరవకుండానే, "ప్రోటమిన్ తెచ్చి పెట్టుకొని ఉండారా?" అన్నాడు.

ఆ పిల్ల సూది వెనక్కి తీసింది. "తాతా, మీరు డాక్టరా?"

"లేదమ్మా, నేసేవాణ్ణి. పరీక్ష మా పాప రాసింది, చదివింది నేను."

దుప్పటి కింద బాగున్న కాలు మెల్లగా కదలడం మొదలుపెట్టింది. వార్ఫరిన్, విటమిన్ కె. పారాసిటమాల్, ఎసిటైల్ సిస్టీన్. మార్ఫిన్, నలాక్సోన్. అక్కడ ఆగిపోయాడు. ముసలాయన మరిచిపోయాడనుకుని ఆ పిల్ల జాలిగా నావంక చూసింది. అక్కడ బుట్టా పెట్టాలని దానికేం తెలుసు?

నేను మంచం మీదికి వంగి, "అప్పరం, నాయనా?" అన్నాను.

"డయాజిపామ్‌కు ఫ్లుమాజెనిల్" అన్నాడు. అని కళ్లు తెరిచి, "పాపా, నాకు హాల్ టికెట్టు ఇస్తారా?" అని అడిగాడు.

"ఇస్తారు నాయనా" అన్నాను. అప్పుడు కిందికి చూసుకుంటే, తెల్ల బూట్లలో నా కాళ్లు రెండూ మగ్గం తొక్కుతున్నాయి.

ఆరో రోజున ఇచ్చారు హాల్ టికెట్టు, అదే డిశ్చార్జి కాగితం. ఆ రెండు బుట్టాలు లేని చీర కట్టుకుని అమ్మ వచ్చి తీసుకుపోయింది.