నడుమ మనిషి

మా మేనత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను హిందూపురం బస్టాండులో ఉన్నాను. పెనుకొండ పక్కనున్న ఆమె ఊరికి బస్సెక్కాను గానీ, దారంతా మా ఇద్దరి తెగని వాదనే చెవుల్లో మోగింది. ప్రధానిని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకోవాలని నేను. ఎంపీలు ఎన్నుకునేదే మేలని ఆమె.

నిజానికి అట్లా జనం తరఫున ఓటేసే నడుమ మనుషుల సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు! ఆమె ఒకసారి ఎంపీటీసీగా గెలిచింది. మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఊరి జనం కాదు, ఆ మెంబర్లే. అందుకే పార్టీవాళ్లు మెంబర్లను వ్యానెక్కించి బెంగళూరు దగ్గర క్యాంపులో పెట్టారు. ఫోన్లు లాక్కున్నారు, బిర్యానీలు పెట్టారు, పట్టుచీరలు పంచారు.

"ధర్మవరం చీర ఇచ్చేదానికి బెంగళూరు దాకా తోలుకపోవల్లనా?" అని నవ్వేది అత్త.

పార్టీ నిలబెట్టింది ఒకరిని. ఊరు కోరింది తాగునీళ్ల పైపు వేయించిన ఇంకొకాయనను. ఓటు అందరి ముందూ చేయెత్తి వేయాలి. పార్టీ మాట కాదంటే పదవి పోతుంది. "ఈ చెయ్యి నాది కాదప్పా, ఊరోళ్లది" అని అత్త ఊరు కోరిన మనిషికే ఎత్తింది. ఆయన ఓడిపోయాడు, ఈమె పదవీ పోయింది.

"చూసినావా అత్తా, నడుమ మనుషుల్ని ఎట్ల దాచిపెడతారో! కోట్లమందిని ఏ క్యాంపులో పెడతారు?" అనేదాన్ని.

"ఎవరిండ్లలో వాళ్లనే పెడతారు, టీవీ ముందర" అనేది చెనక్కాయలు వొలుస్తూ. "ఢిల్లీ ఆయప్పను నువ్వే గెలిపించినావనుకో పాపా. నీళ్లు రాకపోతే ఆయప్ప గడప యాడుండాదని పోతావు? జనం పోయి తిట్టేదానికి దగ్గర్లో ఒక గడప ఉండాల."

"ఆ గడపలో మనిషి అమ్ముడుపోతే?"

"పోతాడు. అందుకే గదా తిట్టాలనేది!"

నాకు ఒళ్లు మండేది. ఆ మాట నేనిప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ పదవి పోయినా జనం ఆమె ఇంటికి రావడం మానలేదు. కొళాయి రాలేదనో, పింఛను ఆగిందనో అరుస్తూ వచ్చేవారు. ముందు చెంబుడు మజ్జిగ ఇచ్చి, "ఊ, ఇంక తిట్టు" అనేది. ఆ తర్వాత చెప్పులేసుకుని వాళ్లతోపాటే ఆఫీసుకు బయల్దేరేది.

దినాలు కాకముందే, ఒక పొద్దున, గొర్రెల మందతో కొండల్లో ఉండి కబురు తెలియని తాత ఒకాయన అత్త గడప ముందు నిలబడి కేకేశాడు.

"ఏమమ్మా మెంబరూ! మళ్లా నీళ్లు రాలేదే!"

నేను లోపలికి వెళ్లాను. చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాను. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, తిట్టడానికి నా వెనక ఆమె కోసం చూశాడు.