తుండుగుడ్డ కింద బేరం

మొన్న సంత రోజు పొద్దున్నే ఆళ్ళగడ్డ నుంచి కబురొచ్చింది, మా దలాలి మామ పోయినాడని. వరసకు మామ కాదు. నంద్యాల సంతలో మా నాయనకూ, ఆ తర్వాత నాకూ ఎద్దులు బేరం చేసిపెట్టిన మనిషి. ఆయన్ను అడక్కుండా మా ఇంట్లో పెండ్లిండ్లు చేసినాం గానీ, ఎద్దును మాత్రం ఎప్పుడూ కొనలే.

సంత బేరం తెలీనోళ్ళకు చెబుతా. అమ్మేవాని చెయ్యి, దలాలి చెయ్యి ఒక తుండుగుడ్డ కింద పెడతారు. ఎన్ని వేళ్ళు పట్టి నొక్కితే అంత ధర, తిరిగి నొక్కితే ఒప్పుకున్నట్టు. చుట్టూ మంది నిలబడినా ఎవరికీ తెలీదు. నోటి మాట లేదు, రసీదు లేదు. మామ మొహం చూస్తే బేరం చేస్తాండాడో, పంటి నొప్పితో ఉండాడో చెప్పలేం. "నోరు ఎప్పుడన్నా జారుతాది, వేలు జారదప్పా" అనేవాడు.

గోవధ నిషేధ చట్టం కొత్తగా వచ్చిన రోజులు. ఒకేడు తొలకరికి ముందు మామ నాకోసం ఒక జత కొని నడిపించుకోని వస్తాంటే, దావలో పోలీసోళ్ళు ఆపినారు. ఒకదానికి కాల్లో ముల్లు దిగి కుంటుతాంది. కుంటెద్దు, చేతిలో కాగితం లేదు. ఇంకేముంది, కసాయి కోతకు తోలుకపోతాండాడని రాసుకున్యారు. ఎద్దుల్ని బందెలదొడ్డికి తోలి, రసీదు తీసుకోని రేపు స్టేషనుకు రమ్మన్యారు. తుండుగుడ్డ రసీదు యాడిస్తాది? మామ సీదా మా ఇంటికొచ్చి గడ్డివాము పక్కన కూర్చున్యాడు.

నేను స్టేషనుకు పోయి, ఎద్దులు నావే, సేద్యానికే అని చెప్పినా. నీవే అనేదానికి రుజువేందన్యారు. అమ్మినాయనది పాములపాడు దిక్కు. పోయి అడిగితే, స్టేషను మొహం చూడనని వాకిలేసుకున్యాడు.

మామ దిగులు జైలు గురించి కాదు. "కోతకు అమ్మే దలాలి అని పేరు పడితే, ఇంక ఏ రైతూ నా తుండుగుడ్డ కింద చెయ్యి పెట్టడు" అన్యాడు.

నంద్యాలలో ఒక వకీలును పట్టుకుంటిమి. పోలీసులు పట్టుకోకముందే బెయిలు తెచ్చుకోవచ్చు, ముందస్తు బెయిలంటారని చెప్పినాడు. మామకు ఆ మాట శానా నచ్చింది. వాన పడకముందే దుక్కి దున్నుకున్నట్టు అని మెచ్చుకున్యాడు.

కర్నూలు కోర్టుకు బస్సుల్లో తిరిగితిమి. వాయిదా మీద వాయిదా. ఈలోగా వాన పడింది. ఊరంతా కొర్ర విత్తుతాంటే నేను కోర్టు వరండాలో చెట్టు మాదిరి నాటుకోని ఉండా. ఆఖరుకు జడ్జి తేల్చినాడు. ఇది స్టేషన్లోనే బెయిలు ఇయ్యాల్సిన కేసు, దీనికి ముందస్తు బెయిలు కుదరదు, భయపడే పని లేదు అని అర్జీ కొట్టేసినాడు.

మామ మెట్ల మీద వకీలును నిలబెట్టి అడిగినాడు. "భయపడే కేసు కాదు కాబట్టి బెయిలు లేదంటారు. మరి నాకు భయమైతాందే, దానికి ఏ సెక్షనప్పా?"

"భయానికి సెక్షను లేదు పెద్దాయనా. స్టేషనుకు పోండి, ఇస్తారు."

పోతిమి. ఇయ్యడానికి అభ్యంతరమేం లేదంట, ఇచ్చే ఎస్సై దొర ఊర్లో లేడంట. పొద్దున్నే బెంచీ మీద కూర్చున్న మామ మర్నాడు దీపాలు పెట్టేయాళకు బయటికొచ్చినాడు. ఆ బెంచీ వాకిలికి ఎదురుగానే ఉండె. సంతకు పోయేవాళ్ళంతా రోడ్డు మీంచి చూసుకుంటా పోయినారు.

ఇంత తలనొప్పిలోనూ మామ నా చేను బీడు పెట్టనీలే. వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి వాళ్ళ ఎద్దుల్ని తోలిపించినాడు, ఆలస్యంగానైనా విత్తించినాడు.

కేసు ఏండ్లకేండ్లు నడిచినాక, సాక్షి రాలేదని, మామ తప్పు లేదని కోర్టు కొట్టేసింది. అంతకు శానా ముందే కుంటెద్దు బందెలదొడ్లో మేత చాలక చచ్చింది. "కోతకు పోకుండా కాపాడినారు గదా, ఇంక దానికేం కావాల" అన్యాడు మామ. నవ్వుతాడేమో అని చూసినా. నవ్వలే.

ఆ తర్వాత సంతలో గట్టిగా అరిచి బేరం చేసేవాడు, పదిమంది వింటే పదిమంది సాక్షులని. తుండుగుడ్డ భుజం దిగేది కాదు. అరిచే దలాలి దగ్గరికి ఎవరు వస్తారు? నేనూ, ఇంకొకరిద్దరూ. తప్పు లేదని కోర్టు చెప్పిన సంగతి సంతదాకా రాలే. బెంచీ మీద కూర్చున్న సంగతి మాత్రం ఆయన కంటే ముందే వచ్చింది.

పోయిన వారం చూడబోతే మంచంలో ఉండాడు. మాట పడిపోయింది. దుప్పటి కింద చెయ్యి కదులుతాంది. చలేమో అని కూతురు ఇంకో దుప్పటి కప్పబోయింది. నేను ఆపి, చెయ్యి లోపల పెట్టినా. నా వేళ్ళు పట్టుకోని నొక్కినాడు. వదిలి, మళ్ళీ నొక్కినాడు. మొహం అదే, పంటి నొప్పి మొహం. ఏ ఎద్దుకో, ఏ ధరకో నాకు తెలీలే. తగ్గించమని అడక్కుండా నేనూ నొక్కినా.

అప్పుడు గానీ చెయ్యి వదల్లే.