స్టీలు రేకు మీద ఎర్ర మచ్చలు

మొన్న లింగాలలో మా వియ్యంకుడి ఇంటి నుంచి తిరిగి వస్తూ పులివెందుల బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. వచ్చిన బస్సుకు పక్కలంతా స్టిక్కరు అతికించి ఉంది. ఒక మూల అది ఊడిపోయి లోపలి స్టీలు రేకు కనబడుతోంది, దాని మీద ఆవగింజలంత ఎర్ర మచ్చలు. ఎక్కి సీటు చూసుకోవలసిన మనిషిని, పోయి బొటనవేలితో ఆ మచ్చల్ని రుద్దుతూ నిలబడ్డాను. కండక్టరుకు నవ్వొచ్చింది. "ఏం పెద్దాయనా, బస్సు కొంటాండావా ఏంది? ఎక్కు, పోదాం," అన్నాడు. ఎక్కాను గానీ మనసు మనసులో లేదు. ప్రొద్దుటూరుకు టికెట్టు తీసుకున్నవాణ్ణి ముద్దనూరులో దిగేసి, మా అక్కా బావా ఉండే జమ్మలమడుగు బస్సు ఎక్కాను. ఎందుకు ఎక్కానంటే, మా బావను ఊరు వదిలి కువైట్‌కు పోయేలా చేసింది నేనేనా అన్న ప్రశ్న ముప్పై ఐదేళ్లుగా నన్ను తినేస్తోంది.

మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కొత్త ప్రైవేటు బస్సు వస్తోందంటే ఊరికి పెళ్లికూతురు వచ్చినంత సంబరం. ప్రొద్దుటూరులో బస్సులకు బాడీ కట్టే ఒక షెడ్డులో మా బావ పాలిష్ మేస్త్రీ, నేను నా పెళ్లయిన కొత్తలో ఆయన కింద చేరాను. పక్క రేకులను మొదట గరుకు కాగితంతో, ఆ తర్వాత మెరుగు పెట్టే పచ్చ సబ్బు పట్టించిన, కరెంటుతో తిరిగే గుడ్డ చక్రంతో, ఒకే దిక్కుగా, భుజాలు పడిపోయేదాకా రుద్దాలి. చక్రాలకు పట్టిన తుప్పును మాత్రం ఇనుప బ్రష్షుతో గీకి, వాటి మీద బిగించే కప్పులను విడిగా మెరుగు పెట్టాలి. బావ మంచివాడే గానీ ఒక్క విషయంలో రాక్షసుడు. చక్రాలకు వాడిన బ్రష్షు పక్క రేకుకు తగలకూడదు, అంతే. ఎందుకని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా పనుల్లో గురువులు కారణాలు చెప్పేవాళ్లు కాదు, తిట్లు చెప్పేవాళ్లు.

జమ్మలమడుగు ఆసామి ఒకాయన కొత్త బస్సు కట్టించాడు. తెల్లవారితే పూజ అనగా, బావ ఎవరో పోయారని పలకరింపుకు వెళ్లాడు. నేనొక్కణ్ణే మిగిలాను. ముందు తలుపు పక్కన రేకుల అతుకుల్లో వెల్డింగు మసి ఎంత రుద్దినా పోవడం లేదు, గరుకు కాగితం చూస్తే అయిపోయింది. ఏమవుతుందిలే అని చక్రాల బ్రష్షు తీసుకుని నాలుగు గీకులు గీకాను. అబ్బ, ఎంత తెల్లగా వచ్చిందో! పొద్దు వాలే వేళకు బావ వచ్చి రేకంతా చేత్తో తడిమి చూసి, నన్ను అన్నానికి పొమ్మని పంపించి, మిగిలిన పని తానే ముగించాడు. మర్నాడు ఆసామి ఆ రేకులోనే ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఆ మీసం నాదే అన్నంత గర్వపడ్డాను.

నాలుగు రోజులు ముసురు పట్టింది. వాన వెలిసేసరికి ఆసామి బస్సును షెడ్డు ముందు ఆపి కేకలు మొదలుపెట్టాడు. రేకు మీద అమ్మవారు పోసినట్టు ఎర్ర మచ్చలు. స్టీలుకు తుప్పు ఎలా పట్టిందో ఆసామికి తెలియదు, నాకూ తెలియదు. రేకు అమ్మినవాడు నకిలీ అంటగట్టాడని, వాణ్ణి వదలనని ఆయన ఊగిపోతున్నాడు. బావ బస్సు దగ్గరికి పోయి మచ్చల్ని గోటితో గీరి చూసి, "రేకు మంచిదే అప్పా. తప్పు నా చేతిది. ఇనుప బ్రష్షు తగిలింది, ఆ రజను అంటుకోని తుప్పు పట్టినాది," అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బావ కనిపెట్టేశాడని, అక్క తమ్ముణ్ణని నన్ను కాచాడని అనుకున్నాను.

బస్సును మళ్లీ మెరుగు పెట్టి ఇచ్చాం. కానీ ఊరి నోరు ఊరుకుంటుందా? మా బావకు తుప్పు మేస్త్రీ అని పేరు పెట్టారు. పని తగ్గింది, తర్వాత అసలే పోయింది. మరుసటి ఏడు ఆయన కువైట్ విమానం ఎక్కాడు. ఇద్దరు పసిపిల్లలతో మా అక్క జమ్మలమడుగులో పద్దెనిమిదేళ్లు ఒంటరిగా నెట్టుకొచ్చింది. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఇంకొకటి ఉంది, చెప్పేస్తాను. షెడ్డులో బావ చోటు నాకిచ్చారు. ఆ ఆసామే నా చేయి మంచిదని పిలిపించుకున్నాడు. నేనూ నోరు మూసుకుని వెళ్లాను.

మొన్న నేను వెళ్లేసరికి బావ వరండాలో కుర్చీలో ఉన్నాడు, అక్క గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తోంది. కూర్చోకముందే ఆనాటి బ్రష్షు సంగతంతా కక్కేశాను. బావ నావైపు వింతగా చూశాడు.

"నువ్వేంది రా చెప్తాండేది? నిన్ను అన్నానికి పంపి, ఎనక జాయింట్లు బ్రష్షుతో గీకింది నేనే గదా. పొద్దు పోతాండ్య, తెల్లారితే పూజ. నేను చేసిందే నేను ఒప్పుకున్న్యా. దాంట్లో నీదేముండాది?"

మచ్చలు లేచింది ముందు తలుపు పక్కనే అన్నాను. కాదు, వెనకనే అన్నాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా వాదులాడుకున్నాం. నిజంగానే ఆయన గీకాడా, లేక ఈ వయసులో కూడా నన్ను కాస్తున్నాడా? ఆ బస్సు ఏనాడో తుక్కు కింద పోయింది, చూసి చెప్పేవాళ్లు లేరు. నా కళ్లతో నేను చూసిన మచ్చలు ఏ పక్కన ఉన్నాయో ఒట్టు వేసి చెప్పలేకపోయాను.

అక్క చేటను పక్కన పెట్టింది.

"ముందు పక్కనో ఎనక పక్కనో మీరే తేల్చుకోండి. ఇన్నేండ్లు ఇద్దురూ కడుపులో పెట్టుకోని నాకొక్క మాట చెప్పల్యా. పొయ్యే ముందు దినం ఈ మనిషితో కొట్లాడింటి. నా నోటికి జడిసే దేశం ఇడిసిపోయినాడని అనుకుంటి నేను."

బావ తల వంచుకున్నాడు.

ఇప్పుడు కువైట్‌లో ఉన్నవాళ్లు పొద్దున్నా సాయంత్రం ఫోనులో ముఖం చూపిస్తున్నారు. అలకైనా తగాదా అయినా ఆ పూటకే తేలిపోతోంది. మా అక్కకు చదువు రాదు. ఆ రోజుల్లో మనసులో ఉన్నది మొగుణ్ణి అడగాలన్నా మూడోమనిషి చేత రాయించాలి, జవాబు మూడోమనిషి చేతనే చదివించుకోవాలి. అంతటి మాట అలా ఎవరు అడుగుతారు? పద్దెనిమిదేళ్ల పాటు ఆదివారం ఆదివారం ప్రొద్దుటూరు నుంచి పోయి, ఆ గడపలోనే కూర్చుని, ఇంట్లో అందరూ క్షేమమని ఆ ఉత్తరాలన్నీ రాసిపెట్టింది నేనే.