పంటితో తెంపిన దారం

మా తోడికోడలు దర్జీ. మెడలో కత్తెర వేలాడుతున్నా దారం మాత్రం పంటితోనే తెంపుతుంది. "నోట్లో ఇన్ని కత్తెరలుండగా ఇంకోటి దేనికే?" అంటుంది. వీధిలో అందరికీ ఆమె మిషనక్క, నాకు అక్క. కాపురానికొచ్చిన కొత్తలో మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఒక మాట పట్టింపుకి ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. ఆమె జబ్బు పడ్డాకే మళ్ళీ కలిశాం.

రొమ్ములో మొదలైన క్యాన్సర్ వెన్నుకీ తుంటికీ పాకింది. ఎముకలు విరక్కుండా నెలనెలా నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. మా ఇంట్లో దాన్ని ఎముకల సెలైన్ అంటాం. మొదలుపెట్టే ముందే పళ్ళ డాక్టరుకి నోరంతా చూపించారు. ఈ మందు వాడుతూ పన్ను పీకించుకుంటే ఒక్కోసారి పుండు మానక దవడ ఎముక బయటపడుతుందని, పంటికి ఏ కాస్త తేడా వచ్చినా ముందు తమకి చెప్పాలని గట్టిగా చెప్పారు. అక్క బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుని, కుట్టు చివర దారం నోట్లో పెట్టుకుంది.

ఈ నెల జీన్స్ ప్యాంటు అంచు కుడుతూ లావు దారం కొరికింది. పన్ను చిట్లింది. నాకు చెప్పలేదు. అన్నం ఒకవైపే నములుతుంటే నేనే పట్టుకున్నాను.

"ఆసుపత్రిలో చెప్తావా లేదా?" అని అడిగాను.

"చెప్తే సెలైన్ ఆపేస్తారు. పోయినసారి పక్క మంచం ఆవిడ్ని చూశావుగా, మంచం దిగబోతే తొడ విరిగింది. సెలైన్ ఎక్కించుకుని, వచ్చేదారిలో పన్ను పీకించేసుకుందాం. ఎవరికీ తెలీదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈవిడేమో గొయ్యి మీద గుడ్డ కప్పి నడుద్దామంటోంది. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది.

ఆసుపత్రిలో నర్సు రక్తపరీక్ష చూసింది, నీళ్ళు బాగా తాగారా అని అడిగింది, చేతికి సూది గుచ్చింది.

"పంటి నొప్పిగానీ, దవడ వాపుగానీ ఉందా అమ్మా?"

"ఏమీ లేవు," అంది అక్క. కింద నా కాలు తొక్కింది.

నర్సు సీసా తగిలించి గొట్టంలో గాలి తీసేస్తోంది. నోరు మూసుకుంటే అక్క నాతో ఎప్పటిలా ఉంటుంది. తెరిచానా, ఇంట్లో మళ్ళీ గోడ లేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎప్పుడు మంచిది గనక?

"పన్ను చిట్లింది సిస్టర్. దారిలో పీకించుకోవాలని చూస్తోంది."

నర్సు చేయి ఆగిపోయింది. మందింకా నరం దాకా రాలేదు. డాక్టరమ్మ వచ్చి, టార్చి వేసి చూసింది.

"చిగుళ్ళు వాచాయి. ఇవాళ మందు వద్దు. పన్ను మాత్రం పీకించుకోకండి. వీలైతే వేరు శుభ్రం చేయించి పన్ను ఉంచేద్దాం. మానాక మందు మళ్ళీ మొదలుపెడదాం."

"ఈలోపు ఎముక విరిగితే?" అంది అక్క.

"విరగదని మాటివ్వలేను. ఇన్నాళ్ళు ఎక్కించిన మందు ఎముకల్లో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. బరువులెత్తకండి, పడకుండా చూసుకోండి."

బయటికి వస్తున్నంతసేపూ అక్క నన్ను కొరకొరా చూస్తూనే ఉంది. కత్తెర ఇంట్లో వదిలి రాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా నాలుక దక్కేది కాదు.

ఆసుపత్రి వాకిట్లో మెట్ల దగ్గర ఆగింది. కాలు ముందుకి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. పొద్దున ఎక్కిన మెట్లే. వెనక జనం తోసుకుంటున్నారు. ఎవరికీ లొంగని మనిషి ఒక్క మెట్టు ముందు అలా నిలబడిపోతే చూడలేకపోయాను. తప్పు చేశానేమోనని మొదటిసారి అనిపించింది.

"నా భుజం పట్టుకో అక్కా."

పట్టుకోలేదు. కాసేపటికి గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"పడితే నీ మీదే పడతాను," అంది.

"పడు," అని నేను ముందు దిగాను.