చెట్లకు సున్నం పెట్టిన సత్తార్

దువ్వూరు అవతల కొండల్లో తిరిగే ఫారెస్టు వాచరు అబ్దుల్ సత్తార్ జేబులో ఎప్పుడూ రెండు డబ్బీలుండేవి. ఒకదాంట్లో తాంబూలానికి సున్నం, ఇంకొకదాంట్లో చెట్లల్లోంచి ఏరిన పురుగులు. అతను జమ్మలమడుగులో మంచంకోళ్లు చెక్కే ఇంట్లో పుట్టినవాడు. కొయ్యనుంచి పొడి రాలుతుంటే పురుగు లోపలున్నట్టని ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అడవిలో అంత సులువు కాదు. రాలిన పొడిని గాలి ఎత్తుకుపోతుంది.

1958 ఎండాకాలంలో పదిహేడు ఎర్రచందనం చెట్లకు కొనలు ఎండాయి. మానులకు బియ్యపుగింజంత తూట్లు. మోకాలెత్తు మొక్కలప్పటినుంచి మేకల నోటపడకుండా సత్తార్ కాపాడిన చెట్లవి. పురుగు పక్క చెట్లకు పాకకముందే అన్నీ కొట్టి కాల్చాలన్నాడు రేంజరు మల్లికార్జునయ్య.

"లోపల పురుగుండాదో పోయిందో తెలీకుండా కొడితే ఎట్ల సార్?"

"తెలుసుకునేదెట్లప్పా? పేరుపెట్టి పిలుస్తావా?"

అయినా పది దినాలు గడువిచ్చాడు.

తమలపాకు, వక్క ఎంత మేలురకమైనా సున్నం తగలందే నోరు పండదు. ఆ రవ్వంత సున్నానికి ఇంకా ఏమేం పనులున్నాయో ఎవరూ ఆలోచించరు. సత్తార్ ఆలోచించాడు. ప్రతి తూటినీ సున్నంతో పూడ్చాడు. లోపల పురుగుంటే ఆ సున్నాన్ని తొలుచుకుని బయటికి రావాల్సిందే.

"సున్నం డబ్బీ దినానికొకటి అయిపోతాంది. నువ్వు నములుతాండావా, గోడలు పూస్తాండావా?" అంది భార్య మెహబూబున్నీసా.

తొమ్మిదో దినానికి నాలుగు చెట్లమీద సున్నం పగిలింది. పదమూడింటిమీద చెక్కు చెదరలేదు. పదోనాడు రేంజరును తీసుకురావడానికి సత్తార్ దువ్వూరు బస్సు దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ కొండెక్కుతుంటే గొడ్డలి చప్పుడు వినిపించింది.

సత్తార్ పరుగెత్తేసరికి ఒక చెట్టు నేలమీదుంది. సున్నం పగలని చెట్టు.

"ఎవురు కొట్టమన్యారప్పా?"

"నువ్వే గదా మామా బొట్లు పెట్టింది," అన్నాడు గడువునాటికి చెట్లు కొట్టను వచ్చిన కూలీల మేస్త్రీ గురునాథం.

కొట్టాల్సిన చెట్టుకు సున్నంబొట్టు పెట్టడం అక్కడి వాడుక. ఇరవైయేండ్లు ఆ బొట్లు చూసినవాడే సత్తార్. అయితే తనది తాంబూలం సున్నమాయె, బొట్టు కిందికి వస్తుందని తోచనే లేదు.

మేస్త్రీ చేతిలో గొడ్డలి తీసుకుని, తూటు ఉన్నచోట మానును చీల్చాడు. లోపల పురుగు లేదు. దాని దారి పొడుగునా ఎర్రటి బంక గట్టిగా పేరుకుని ఉంది. రేంజరు వంగి, గోటితో గీకి చూశాడు.

"నాలుగే కొట్టండి," అన్నాడు. "పన్నెండూ ఉండనీ."

ఆ చీలిన ముక్కను సత్తార్ ఇంటికి తెచ్చాడు. "మనకంటే ముందే చెట్టే పూడ్చుకునిందే. దానికెవురు చెప్పింటారో," అన్నాడు.

"చెప్పినోళ్లు నీకు ఆ బొట్టు సంగతి గూడా చెప్పింటే బాగుండు," అంది మెహబూబున్నీసా.

తర్వాత ఏ తూటికి సున్నం పెట్టినా, ఆ మానుకు బెత్తెడు వెడల్పున ఈతాకు చుట్టి కట్టేవాడు. కూలీలు ఎక్కడ ఈతాకు కనబడినా గొడ్డలి దించి, సత్తార్ కోసం కేకేసేవారు.