కుమ్మరి బట్టీలో నా సైన్యం

ఆదివారం, ఇబ్రహీంపట్నం. ఉన్నవారు: నేను, మనవరాలు సిరి.

"తాతా, యుద్ధం ఆటకు ఏ సైన్యం కొనాలె? అస్థిపంజరాలా, రాక్షసులా?" అంటూ సిరి వేలెడంత బొమ్మ చూపింది. నాకు చిన్నప్పటి కుమ్మరి ఎల్లయ్య తాత వాకిలి గుర్తొచ్చింది.

అక్కడ ఆరబెట్టిన మట్టి బొమ్మల్లోంచి నా దోస్తు ఖాజా కాల్బలాన్ని, నేను పది గుర్రాలను ఎంచుకున్నాం. మర్నాడే మా యుద్ధం.

"నీ గుర్రాల కడుపుల ఏం లేదురా, ఉత్త డొల్ల!" అని ఖాజా నవ్వాడు.

నిజమే, ప్రతి గుర్రం పొట్ట కింద పెద్ద రంధ్రం ఉంది. ఎల్లయ్య తాత చూడకుండా వాటిలో తడిమట్టి కూరాను. ఆ మట్టి తొమ్మిది గుర్రాలకే సరిపోయింది. సాయంత్రం తాత బొమ్మలన్నీ బట్టీలో పేర్చి నిప్పు పెట్టాడు. లోపల టపటపమని చప్పుళ్లు వినిపిస్తే, యుద్ధం అప్పుడే మొదలైందనుకున్నాను.

మర్నాడు పొద్దున బూడిద తీస్తే తొమ్మిది గుర్రాలూ పెంకులై ఉన్నాయి.

"కడుపులు నింపినవా బిడ్డా? తడి ఆవిరైతది, అది పోనీకి జాగ ఉండొద్దా?" అంటూ తాత మిగిలిన ఎర్రటి గుర్రాన్ని నా చేతిలో పెట్టాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. రంధ్రంలోకి చూశాను. లోపల చుట్టూ తాత బొటనవేలి ముద్రలు, సన్నటి గీతలతో సహా, బట్టీలో కాలి గట్టిపడి ఉన్నాయి. ఖాజా యుద్ధానికి పిలుస్తున్నా, నేను అక్కడి నుంచి కదల్లేదు.